రేగడి నేలలో తేమ ప్రోబ్ తక్కువ చూపిస్తోంది: మట్టికి అంటుకున్న నీటిని మైక్రోవేవ్ ఎలా చూస్తుంది?

చెల్క_శ్రావణి

అందరికీ నమస్కారం. అగ్రికల్చరల్ ఇంజనీరింగ్‌లో పరిశోధన చేస్తున్నాను. నేలలో తేమ కొలవడానికి టీడీఆర్ (టైమ్ డొమైన్ రిఫ్లెక్టోమెట్రీ) ప్రోబ్ వాడుతున్నాం. మూడు స్టీలు కడ్డీలు మట్టిలో గుచ్చి పల్స్ పంపుతాం. అది కడ్డీ చివరిదాకా పోయి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి మట్టి పర్మిటివిటీ, అంటే విద్యుత్ క్షేత్రానికి మట్టి ఎంతగా స్పందిస్తుందో, తెలుస్తుంది. దాన్ని 1980లో టాప్, డేవిస్, అన్నన్ ఇచ్చిన సమీకరణంలో వేస్తే తేమ శాతం వస్తుంది. పర్మిటివిటీ 10 అయితే తేమ సుమారు 19 శాతం, 20 అయితే సుమారు 35 శాతం, ఇలా.

ఎర్ర చెల్క నేలలో ఈ లెక్క ఓవెన్‌లో ఆరబెట్టి తూచిన లెక్కతో చక్కగా కలుస్తోంది. నల్లరేగడి దగ్గరే ఇబ్బంది. ప్రోబ్ ఎప్పుడూ ఓవెన్ కంటే తక్కువే చూపిస్తోంది, నేల ఆరేకొద్దీ తేడా పెరుగుతోంది. అది బౌండ్ వాటర్ వల్లేనని మా గైడ్ గారు అంటున్నారు, అంటే మట్టి రేణువులకు గట్టిగా అంటుకుని ఉన్న నీళ్లు.

నా ప్రశ్న ఏంటంటే, ఈ కొలతలతో ఆ నీళ్లు ఏ స్థితిలో ఉన్నాయో నిజంగా చెప్పగలమా? లేక లెక్క కలవని చోటల్లా బౌండ్ వాటర్ అని రాసేసి ఊరుకుంటున్నామా? థీసిస్‌లో రాయాలి కాబట్టి కాస్త టెన్షన్‌గా ఉంది.

ఎక్స్‌బ్యాండ్_మాస్టారు

మంచి ప్రశ్న అమ్మా. ముందు నీటి సంగతి చూద్దాం. నీటి అణువుకు ఒక వైపు ప్లస్, ఇంకో వైపు మైనస్ ఉంటాయి. విద్యుత్ క్షేత్రం దిశ మారినప్పుడల్లా అణువు దానితోపాటు తిరగాలని చూస్తుంది. మామూలు నీటిలో ఈ తిరగడానికి 20 డిగ్రీల దగ్గర దాదాపు 9 పికోసెకన్లు పడుతుంది. ఫ్రీక్వెన్సీలో చెప్పాలంటే సుమారు 17 గిగాహెర్ట్జ్. అంతకంటే బాగా తక్కువ ఫ్రీక్వెన్సీలో అణువు క్షేత్రంతో సులువుగా తిరగగలదు కాబట్టే నీటి పర్మిటివిటీ 80 వస్తుంది. ఎండిన మట్టిది 3 నుంచి 5. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరం మీదే మీ ప్రోబ్ బతుకుతోంది.

ఇప్పుడు అవే నీళ్లను గడ్డ కట్టించండి. అణువులు అవే, లెక్కా అంతే. కానీ మైక్రోవేవ్‌లో మంచు పర్మిటివిటీ 3.2 మాత్రమే. మంచులో అణువు తిరగదని కాదు, తిరుగుతుంది. కాకపోతే దాని వేగం కిలోహెర్ట్జ్‌లలో ఉంటుంది. గిగాహెర్ట్జ్‌లో వచ్చే క్షేత్రానికి అది కదలనట్టే లెక్క.

బంకమట్టి రేణువును అంటుకుని ఉన్న మొదటి ఒకటి రెండు పొరల నీళ్లు ఈ రెంటికీ మధ్యలో ఉంటాయి. నిండిన బస్సులో ఇరుక్కున్నవాడు మెడ తిప్పగలడు గానీ ఒళ్లు తిప్పలేడు, అలాంటి స్థితి. వాటి రిలాక్సేషన్, అంటే క్షేత్రంతో తిరిగి సర్దుకునే వేగం, పదుల మెగాహెర్ట్జ్ నుంచి కొన్ని గిగాహెర్ట్జ్ దాకా విస్తరించి ఉంటుంది. మీ టీడీఆర్ పల్స్ శక్తి ఎక్కువగా ఉండేదీ ఇంచుమించు ఆ మేరలోనే. కాబట్టి ఆ నీళ్లు ఉన్నా పూర్తిగా లెక్కలోకి రావు.

కనుక మీ గైడ్ గారు చెప్పినది భౌతికంగా సాధ్యమే. మీ విషయంలో అదే జరుగుతోందా అన్నది వేరే ప్రశ్న, దాన్ని రుజువు చేయాలి.

జిజ్ఞాస_77

మధ్యలో వస్తున్నాను, క్షమించండి. మైక్రోవేవ్ ఓవెన్ 2.45 గిగాహెర్ట్జ్ మీద నడుస్తుంది కదా, అది నీటి రెజొనెన్స్ అని చదివాను. మీరేమో 17 అంటున్నారు?

ఎక్స్‌బ్యాండ్_మాస్టారు

అలా చాలాచోట్ల రాస్తారు గానీ అది నిజం కాదు. ద్రవ నీటికి అక్కడ రెజొనెన్స్ ఏమీ లేదు. 2.45 అనేది పరిశ్రమలకు, గృహోపకరణాలకు కేటాయించిన బ్యాండ్. సరిగ్గా 17 మీద నడిపితే ఆహారం పైపొరే తరంగాన్నంతా మింగేస్తుంది, లోపల పచ్చిగా ఉండిపోతుంది. 2.45 దగ్గర నష్టం ఒక మోస్తరుగా ఉంటుంది కాబట్టే వేడి లోపలికి దిగుతుంది.

కాంక్రీట్_కిరణ్

మస్కట్ నుంచి నమస్తే. కాంక్రీట్ ఫ్లోర్లలో తేమ కొలవడం నా పని. శ్రావణి గారూ, బౌండ్ వాటర్ జోలికి వెళ్లేముందు ఒక సంగతి చూడండి. రేగడి ఆరితే కుంచించుకుపోతుంది కదా, మీ కడ్డీ చుట్టూ సన్నటి గాలి సందు పడుతోందా?

గాలి పర్మిటివిటీ 1. కడ్డీకి ఆనుకుని ఉన్న చోటే క్షేత్రం అన్నిటికంటే బలంగా ఉంటుంది. అక్కడ అర మిల్లీమీటరు సందు పడినా రీడింగ్ బాగా పడిపోతుంది. పైగా నేల ఆరేకొద్దీ సందు పెరుగుతుంది కాబట్టి తేడా కూడా పెరుగుతుంది. మీరు చెప్పిన లక్షణం ఇదే. గాలి సందూ, బౌండ్ వాటరూ రెండూ రీడింగ్‌ను ఒకే దిశలో తగ్గిస్తాయి. ఒక్క తేమ గ్రాఫ్ చూసి రెంటినీ విడదీయడం కుదరదు.

చెల్క_శ్రావణి

కిరణ్ గారూ, పొలంలో మాత్రం సందు పడుతుంది, మధ్యాహ్నం కడ్డీ పక్కన వేలిగోరు దూరేంత బీట కనబడుతోంది. అందుకే ల్యాబ్‌లో వేరేగా చేస్తున్నాను. మట్టిని ఆరబెట్టి 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, తూచిన నీళ్లు స్ప్రే చేసి కలిపి, పాలిథిన్ కవర్లో కట్టి ఒక రాత్రి ఉంచుతాను. తర్వాత సిలిండర్లో పొరపొరగా దట్టించి, కడ్డీలు గుచ్చి వెంటనే కొలుస్తాను. ఆరే అవకాశం లేదు, బీట పడదు. అయినా తేడా వస్తోంది, కాకపోతే పొలంలో వచ్చినంత కాదు.

కాంక్రీట్_కిరణ్

అయితే మీ పొలం లెక్కలో రెండూ కలిసి ఉన్నాయన్నమాట. ల్యాబ్‌లో మిగిలిన తేడానే అసలు పట్టించుకోవాల్సింది.

ఎక్స్‌బ్యాండ్_మాస్టారు

ఇంత జాగ్రత్తగా నమూనా చేస్తున్నారు, సంతోషం. ఇప్పుడు ఒక చిన్న అంచనా వేద్దాం. రేగడిలో ఎక్కువగా ఉండేది మాంట్‌మొరిల్లొనైట్ జాతి బంక. దాని ఒక్క గ్రాములో అన్ని పొరలూ విప్పి పరిస్తే 700 నుంచి 800 చదరపు మీటర్ల ఉపరితలం వస్తుంది. చెల్కలో ఉండే కెయొలినైట్‌కు 10, 20 చదరపు మీటర్లే.

మీ రేగడిలో సగం బంక అనుకుందాం, మిగతా ఖనిజాలను కూడా కలిపి గ్రాముకు 300 చదరపు మీటర్లు పెట్టుకుందాం. ఒక నీటి అణువు మందం దాదాపు 0.28 నానోమీటర్. గుణిస్తే గ్రాము మట్టికి 0.08 గ్రాముల నీళ్లు ఒక్క పొరకే సరిపోతాయి, అంటే బరువులో 8 శాతం. ఇరు పొరల మధ్య నీళ్లు రెండు ముఖాలకూ ఉమ్మడి కాబట్టి ఇంకొంచెం తగ్గించుకోవచ్చు. చెల్కలో 15 శాతం బంక అనుకుని ఇదే లెక్క చేయండి, 0.1 శాతం కూడా రాదు. టాప్ సమీకరణం చెల్కలో ఎందుకు నిలబడుతోందో, రేగడిలో ఎందుకు తడబడుతోందో ఈ రెండు అంకెలే చెబుతున్నాయి.

రాడార్_చూపు

ఉపగ్రహ డేటా మీద పనిచేస్తుంటాను, ఆ వైపు నుంచి ఒక మాట. ఈ గొడవ మాకూ ఉంది, ఇంకా పెద్ద ఎత్తున. 2009లో వెళ్లిన స్మోస్, 2015లో వెళ్లిన స్మాప్ ఉపగ్రహాలు రెండూ 1.4 గిగాహెర్ట్జ్ దగ్గర నేల నుంచి వచ్చే సహజ ఉద్గారాన్ని వింటాయి. పై 5 సెంటీమీటర్ల తేమ తెలుస్తుంది. కానీ ఉపగ్రహం చూసేది పర్మిటివిటీనే. దాన్ని తేమగా మార్చాలంటే మధ్యలో ఒక మట్టి మోడల్ కావాలి.

మొదట్లో 1985 నాటి డాబ్సన్ మోడల్ ఎక్కువగా వాడేవారు. తర్వాత సైబీరియాలోని క్రాస్నొయార్స్క్‌కు చెందిన మిరోనోవ్ బృందం ఇచ్చిన మోడల్ వైపు మొగ్గారు. అందులో బౌండ్ నీటికి, ఫ్రీ నీటికి విడివిడిగా రిలాక్సేషన్ సమయాలు ఉంటాయి. ఎంత నీరు బౌండ్ అవుతుందో బంక శాతం నిర్ణయిస్తుంది. ఆ లెక్క ప్రకారం 15 శాతం బంక ఉన్న నేలలో ఘనపరిమాణంలో 7 శాతం పైచిలుకు, 50 శాతం ఉన్న నేలలో 18 శాతం దాకా బౌండ్ నీళ్లే. మాస్టారి ఒక్క పొర అంచనా కంటే ఇది ఎక్కువ. అంటే మైక్రోవేవ్ దృష్టిలో బౌండ్ అంటే ఒక్క పొరే కాదు, దాని మీది పొరలు కూడా కొంత కలిసి ఉంటాయి.

2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నిసార్ ఉపగ్రహంలో ఎల్ బ్యాండ్, ఎస్ బ్యాండ్ రాడార్లు రెండూ ఉన్నాయి. నేల తేమ దాని పనుల్లో ఒకటి. ఆదిలాబాద్ రేగడికీ, నల్గొండ చెల్కకూ ఒకే మార్పిడి వాడితే కుదరదు. శ్రావణి గారి లాంటి నేలమీది కొలతలు మాకు ఎంత అవసరమో మాటల్లో చెప్పలేను.

చెల్క_శ్రావణి

థాంక్యూ సార్, ఆ 18 శాతం చూసి నాకు ఇంకోటి తట్టింది. రేగడిలో తేమ 20 శాతం దగ్గర ఉన్నా పత్తి మొక్క వాడిపోతుంది. చెల్కలో అదే 20 శాతం ఉంటే పైరు పచ్చగా ఉంటుంది. మొక్క తీసుకోలేని నీళ్లు, ప్రోబ్‌కు కనబడని నీళ్లు ఒకటేనా?

ఎక్స్‌బ్యాండ్_మాస్టారు

ఒకటి కావు, కానీ చుట్టాలు. వాడిపోయే స్థాయి దగ్గర మిగిలిన నీటిలో సన్న రంధ్రాల్లో పట్టుబడిన నీళ్లు కూడా ఉంటాయి. అవి మైక్రోవేవ్‌కు మామూలు నీళ్లలాగే కనిపిస్తాయి, వేరు మాత్రం పీల్చలేదు. రేణువును అంటుకున్నవి రెంటికీ చిక్కవు. అయితే 1980లోనే వాంగ్, ష్ముగె అనే శాస్త్రవేత్తలు పర్మిటివిటీ గ్రాఫ్ వంపు ఏ తేమ దగ్గర మారుతుందో చూసి, ఆ మలుపును వాడిపోయే స్థాయితో ముడిపెట్టారు. గ్రాఫ్ మొదట చదునుగా లేచి, ఒక చోట నుంచి నిటారుగా ఎక్కుతుంది. చదునుగా ఉన్నంతసేపు మీరు పోసిన నీళ్లు రేణువులకు అంటుకుంటున్నాయి, మలుపు దాటాక పోసినవి స్వేచ్ఛగా తిరుగుతున్నాయి.

మీ డేటాలో తక్కువ తేమ వైపు పాయింట్లు దగ్గరదగ్గరగా తీసుకోండి. అసలు కబురు అంతా అక్కడే ఉంది.

మిల్లు_రమణ

అయ్యా, నాది తూర్పు గోదావరి, రైస్ మిల్లు. మట్టి సంగతి నాకు తెలీదు గానీ తేమ మిషన్ సంగతి బాగా తెలుసు. ధాన్యం కొనుగోలులో 17 శాతం దాటితే రైతుకు కోత. అదే రాశి, అదే మిషన్, పొద్దున మంచు పడ్డాక ఒక అంకె, మధ్యాహ్నం ఎండలో ఇంకో అంకె. గుప్పెడు వదులుగా పోస్తే ఒకటి, అదిమి పోస్తే ఇంకొకటి. రైతుకూ మాకూ తగువు. మీరు చెప్పే మైక్రోవేవ్ దీనికేమైనా పనికొస్తుందా?

ఎక్స్‌బ్యాండ్_మాస్టారు

రమణ గారూ, మీరు చెప్పినవి రెండూ వేరువేరు జబ్బులు. గింజను నలిపి కరెంటు ఎంత పారుతుందో చూసే మిషన్ అయితే, మంచుకు తడిసిన పైపొట్టు వెంటే కరెంటు సులువుగా పారిపోతుంది, లోపల గింజ ఎండి ఉన్నా ఎక్కువ చూపిస్తుంది. పైన ఎండి లోపల పచ్చిగా ఉంటే తక్కువ చూపిస్తుంది. మైక్రోవేవ్ గింజ మొత్తాన్నీ దాటుకుని పోతుంది కాబట్టి ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

రెండోది సాంద్రత. దీనికి అమెరికాలో జార్జియా రాష్ట్రం ఏథెన్స్‌లోని వ్యవసాయ శాఖ ల్యాబ్‌లో నెల్సన్, క్రాస్జెవ్‌స్కీ, ట్రాబెల్సీ ఏళ్ల తరబడి పనిచేశారు. ఆలోచన సూటిగా ఉంటుంది. తరంగం ధాన్యం గుండా పోయినప్పుడు రెండు జరుగుతాయి: బలం తగ్గుతుంది, ఫేజ్ (తరంగం ఎగుడుదిగుళ్ల వరస) వెనకబడుతుంది. గింజలు ఎక్కువ పోస్తే రెండూ ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి. తేమ మారితే మాత్రం ఆ నిష్పత్తే మారుతుంది. కనుక ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే, వదులుగా పోశారా అదిమి పోశారా అన్నది లెక్కలోంచి పోతుంది. 5.8 గిగాహెర్ట్జ్ దగ్గర చవక సెన్సర్లతో కూడా చేసి చూపించారు, వేరుశనగను తొక్కతో సహా కొలిచారు. అనంతపురం వైపు ఎవరైనా దీన్ని పట్టుకుంటే బాగుంటుందని నాకు ఎప్పటినుంచో ఉంది.

నీటి స్థితి ఇక్కడ కూడా అడ్డొస్తుంది. బాగా ఎండిన గింజలో మిగిలిన నీళ్లు పిండిపదార్థానికి గట్టిగా పట్టుకుని ఉంటాయి. అక్కడ ఒక శాతం మారినా పర్మిటివిటీ కొంచెమే కదులుతుంది. 17 చుట్టుపక్కల మాత్రం మార్పు బాగా తెలుస్తుంది, మీ తగువు ఉన్నది అక్కడే కాబట్టి ఫర్వాలేదు.

మిల్లు_రమణ

ఇది విన్నాక ప్రాణం లేచొచ్చింది సార్. కేంద్రం దగ్గర రైతు కళ్లముందే ఒప్పుకునే అంకె రావాలి, మాకు కావాల్సింది అదే.

జిజ్ఞాస_77

ఇంకొక్కటి అడగనివ్వండి. మార్కెట్లో స్ట్రక్చర్డ్ వాటర్ అని మిషన్లు అమ్ముతున్నారు, మా ఇంట్లో కొందామంటున్నారు. మీరు కూడా నీటి నిర్మాణం అంటున్నారు కదా, మైక్రోవేవ్ కొలతతో అది నిజమో కాదో తేలుతుందా?

కాంక్రీట్_కిరణ్

కొనకండి. గ్లాసులో ఉన్న నీటిలో హైడ్రోజన్ బంధం ఒకటి పికోసెకను చుట్టుపక్కల తెగి మళ్లీ ఇంకోదానితో కలుస్తుంది. మిషన్‌లోంచి బయటికి వచ్చి మీ గ్లాసులో పడేలోపు అలాంటి మార్పులు లెక్కలేనన్ని జరిగిపోతాయి. ఏ ఆకారమూ నిలవదు. మేం మాట్లాడుతున్నది గట్టి ఉపరితలం పక్కన, దాని పట్టులో ఉన్న నీళ్ల గురించి. ఉపరితలం ఉన్నంతసేపే ఆ పట్టు ఉంటుంది. ఆ డబ్బుతో మంచి ఫిల్టర్ కొనుక్కోండి.

మా సిమెంట్‌లో అయితే ఇది గంట గంటకూ కనిపిస్తుంది. కలిపిన వెంటనే నీళ్లన్నీ ఫ్రీ, పర్మిటివిటీ ఎక్కువ. గట్టిపడేకొద్దీ పడిపోతుంది, ఒక్క చుక్క ఆవిరి కాకుండా మూత వేసి ఉంచినా సరే. సిమెంట్ పరిశోధకుడు పవర్స్ లెక్క ప్రకారం గ్రాము సిమెంట్ పూర్తిగా హైడ్రేట్ అయితే దాదాపు 0.23 గ్రాముల నీళ్లు రసాయనికంగా కలిసిపోతాయి, ఇంకో 0.19 దాకా జెల్ రంధ్రాల్లో పట్టుబడతాయి. బరువు మారలేదు, నీటి స్థితి మారింది. తూకం చెప్పలేనిది ఇక్కడ మైక్రోవేవ్ చెబుతోంది.

శ్రావణి గారూ, దీన్నుంచి మీకో హెచ్చరిక. ఓవెన్‌ను గుడ్డిగా నమ్మకండి. మీ రేగడిలో జిప్సం ఉంటే 105 డిగ్రీల దగ్గర దాని స్ఫటికంలోని నీళ్లు కూడా బయటికి వస్తాయి. జిప్సం బరువులో ఐదో వంతు పైన నీళ్లే. ఆ నీళ్లు మైక్రోవేవ్‌కు కనబడవు, ఓవెన్‌కు కనబడతాయి. తేడా వచ్చిందని మళ్లీ బౌండ్ వాటర్ ఖాతాలో రాసేస్తారు.

చెల్క_శ్రావణి

జిప్సం టెస్ట్ చేయిస్తాను కిరణ్ గారూ. అది పక్కన పెడితే, ల్యాబ్‌లో మిగిలిన తేడా బౌండ్ నీటిదే అని ఎలా నిరూపించాలి? తేమ మారుస్తూ పోవడం తప్ప ఇంకేదైనా దారి ఉందా?

ఎక్స్‌బ్యాండ్_మాస్టారు

ఉంది, అదీ ఖర్చు లేనిది. తేమ మార్చకండి, ఉష్ణోగ్రత మార్చండి. సిలిండర్‌ను గట్టిగా మూసి, నీళ్లు బయటికి పోకుండా 10 డిగ్రీల నుంచి 40 దాకా తీసుకెళ్లండి.

ఫ్రీ నీటి పర్మిటివిటీ వేడెక్కితే తగ్గుతుంది, 10 డిగ్రీల దగ్గర 84 ఉండేది 40కి 73కు దిగుతుంది. కాబట్టి చెల్కలో రీడింగ్ కొంచెం పడాలి. రేగడిలో ఇంకో పని కూడా జరుగుతుంది. వేడికి రేణువుల పట్టు సడలి, అంటుకున్న నీళ్లు వేగంగా తిరగడం మొదలుపెడతాయి, ప్రోబ్‌కు కొత్తగా కనబడతాయి. అది పైచేయి అయితే రీడింగ్ పెరుగుతుంది. ఆర్, రేత్ అనే ఇద్దరు 1999లో ఈ పోటీని వివరంగా రాశారు. గాలి సందుకు ఈ గుణం లేదు. అందుకే ఈ పరీక్ష మీకు ముఖ్యం.

ఒక మెలిక ఉంది. రేగడిలో ఉప్పులు ఉంటే వాహకత (కరెంటు పారే గుణం) కూడా వేడితో పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 2 శాతం. అది కూడా టీడీఆర్ రీడింగ్‌ను పైకి నెట్టగలదు. దీన్ని విడదీయాలంటే ఫ్రీక్వెన్సీ పెంచాలి. వాహకత మీటరుకు 0.1 సీమెన్స్ అనుకుంటే, దానివల్ల వచ్చే నష్టం భాగం 100 మెగాహెర్ట్జ్ దగ్గర 18, 1 గిగాహెర్ట్జ్ దగ్గర 1.8, 10 దగ్గర 0.18. పైకి వెళ్లేకొద్దీ ఉప్పు మాయమవుతుంది, నీరు మిగులుతుంది.

రాడార్_చూపు

చల్లటి వైపు కూడా చూడండి. మైనస్ 20కి దించితే ఫ్రీ నీళ్లు గడ్డకట్టి పర్మిటివిటీ 3 దగ్గరికి పడిపోతుంది, రేణువుకు అంటుకున్నవి ఆ చలిలోనూ గడ్డకట్టవు. మట్టి రీడింగ్ ఎండిన మట్టి స్థాయికి దిగకుండా ఎంత పైన ఆగిందో దాన్నిబట్టి గడ్డకట్టని నీళ్ల వాటాను అంచనా వేయొచ్చు. ధ్రువ ప్రాంతాల నేలల మీద పనిచేసేవాళ్లు ఈ పద్ధతినే నమ్ముకుంటారు.

చెల్క_శ్రావణి

అందరికీ అప్‌డేట్. ఉష్ణోగ్రత పరీక్ష చేశాను. ఒకే రోజు, ఒకే ప్రోబ్, రెండు మట్టిలు, మూతలు పారాఫిన్‌తో మూసి. ముందూ వెనకా తూచి చూశాను, బరువు మారలేదు. చెల్కలో వేడెక్కేకొద్దీ రీడింగ్ దిగింది. రేగడిలో ఎక్కింది. తేమ ఎక్కువ ఉన్న రేగడి నమూనాలో మాత్రం ఎక్కడం చాలా తగ్గింది, దాదాపు చదునుగా ఉంది.

ఎక్స్‌బ్యాండ్_మాస్టారు

ఆ చివరి వాక్యం చాలా విలువైనదమ్మా. తడి ఎక్కువైతే ఫ్రీ నీళ్ల వాటా పెరిగి, దాని తగ్గుదల అంటుకున్న నీళ్ల పెరుగుదలను సరిపెడుతోంది. గాలి సందు మీద అనుమానం ఇక అక్కర్లేదు. ఉప్పు సంగతి ఇంకా తేలలేదు, ఎందుకంటే తడి నేలలో వాహకత పెరగాలి కదా, మరి ఎక్కడం తగ్గిందంటే ఉప్పు ఒక్కటే కారణం కాదనిపిస్తోంది. కానీ అనిపించడం సరిపోదు, కొలవాలి.

మీకు దగ్గర్లో ఏ ఫిజిక్స్ విభాగంలోనైనా ఎక్స్ బ్యాండ్ (10 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల) బెంచ్ ఉంటుంది. గన్ ఆసిలేటర్ (మైక్రోవేవ్ పుట్టించేది), స్లాటెడ్ లైన్, ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ (ఈ రెండూ గొట్టంలో తరంగం ఎక్కడ ఎంత బలంగా ఉందో చూపేవి) ఉంటే చాలు. వేవ్‌గైడ్ (తరంగం పోయే లోహపు గొట్టం) చివర షార్ట్ (లోహపు మూత) పెట్టి, దాని ముందు మట్టి నింపి, మినిమమ్ (సంకేతం అతి తక్కువగా ఉండే చోటు) ఎంత జరిగిందో చూడండి. 1946లో రాబర్ట్స్, ఫాన్ హిప్పెల్ చెప్పిన పద్ధతే, ఇప్పటికీ పనిచేస్తుంది. వేవ్‌గైడ్ లోపలి కొలత 22.86 బై 10.16 మిల్లీమీటర్లు, మట్టి పలచగా నింపండి, తడి మట్టి ఎక్కువ మందం ఉంటే సంకేతం తిరిగి రాదు. మూలల్లో ఖాళీ మిగలకుండా సన్న కడ్డీతో దట్టించండి.

కాంక్రీట్_కిరణ్

నమూనా పక్కనే ఉన్న వేవ్‌గైడ్ గోడను కూడా అదే ఉష్ణోగ్రతకు తీసుకురండి, లేదంటే మట్టి వేడిగా, లోహం చల్లగా ఉండి ఆవిరి గోడకు పట్టేస్తుంది. ఆ సన్నటి నీటి పొర మొత్తం కొలతను చెడగొడుతుంది. ఇది ఎవరూ రాయరు.

చెల్క_శ్రావణి

రాసుకున్నాను. మా ఊరి డిగ్రీ కాలేజీలోనే బెంచ్ ఉందట, ప్రాక్టికల్స్ అయ్యాక వాడుకోమన్నారు. ముందు మట్టి వాహకత కొలిచి, అదే నమూనాను 10 గిగాహెర్ట్జ్ దగ్గర 10, 25, 40 డిగ్రీల్లో చూస్తాను. రాడార్_చూపు గారూ, బంక శాతం, వాహకత, తేమ అన్నీ కలిపి ఒకే పట్టికలో పెడితే మీ మోడల్‌తో పోల్చుకోవడానికి సరిపోతుందా, ఇంకేదైనా కావాలా?

రాడార్_చూపు

సాంద్రత తప్పకుండా రాయండి, అది లేక ఎన్నో మంచి డేటాలు మాకు అక్కరకు రాకుండా పోయాయి. వీలైతే కాల్షియం, సోడియం వాటా కూడా ఇవ్వండి. పటాన్‌చెరు ఇక్రిశాట్ పరిశోధన సంస్థ ప్రాంగణంలో రేగడి, చెల్క రెండూ పక్కపక్కనే ఉన్నాయి, ఆ తరహా జంట నేలల నుంచి మీరు నమూనాలు తీసుకుంటే వాన ఒకటే, ఎండ ఒకటే, మట్టి మాత్రమే వేరు అవుతుంది. పట్టిక తయారయ్యాక ఇక్కడే పెట్టండి, అదే ప్రాంతానికి నిసార్ ఎల్ బ్యాండ్ డేటా నేను తీసి పక్కన పెడతాను.